టాప్ మోడల్ బ్రేకులు మన కారుకు కుదురుతాయా?

ఒకే కారును కంపెనీలు నాలుగైదు వేరియంట్లుగా అమ్ముతాయి. బాడీ ఒకటే, సస్పెన్షన్ చాలావరకు ఒకటే. ఇంజను, సీట్లు, తెర మారతాయి. వాటితోపాటు, చక్రాల వెనక ఎవరూ పెద్దగా పట్టించుకోని బ్రేకులూ మారతాయి. బేస్ మోడల్‌కు ముందు చిన్న డిస్కులు, వెనక డ్రమ్ములు ఇస్తే, టాప్ మోడల్‌కు ముందు పెద్ద డిస్కులు, వెనక కూడా డిస్కులే ఇస్తారు. రెండింటికీ బోల్టు రంధ్రాలు ఒకేచోట ఉన్నాయని తెలిశాక కారంటే ఇష్టమున్నవాళ్లు ఊరుకోరు. పై మోడల్ సామాను తెచ్చి కింది మోడల్‌కు బిగించడం గోల్ఫ్, సివిక్, ఇంప్రెజా, మస్టాంగ్ నడిపేవాళ్లలో ఎప్పటినుంచో ఉన్న పనే. ఈమధ్య మన దగ్గరా ఆ మాట తరచుగా వినిపిస్తోంది.

దీనిమీద రెండు గట్టి అభిప్రాయాలున్నాయి. కంపెనీవాళ్లే ఆ బండికి వేసిన సామాను కాబట్టి నిక్షేపంగా వేసుకోవచ్చని కొందరంటారు. ఇంకేదైనా మార్చుకో గానీ బ్రేకుల జోలికి మాత్రం పోవద్దని మరికొందరంటారు. నా ఉద్దేశంలో ఈ మార్పు చేయదగ్గదే. కారుకు చేసే మార్పుల్లో ఇంత గట్టి పునాది ఉన్నవి తక్కువ కూడా. కానీ చేయించుకునేవాళ్లలో ఎక్కువమంది అది ఇవ్వని లాభం కోసం చేయిస్తున్నారు. అది నిజంగా ఇచ్చే లాభం దక్కాలంటే పని ఎంత పూర్తిగా చేయాలో అంత పూర్తిగా చేయించడం లేదు.

ముందు లాభం సంగతి చూద్దాం. 1,200 కిలోల కారు గంటకు 100 కిలోమీటర్ల వేగంతో పోతుంటే అందులో ఉన్న చలనశక్తి సుమారు 463 కిలోజౌళ్లు. ఒకటిన్నర లీటర్ల నీళ్లను మరిగించడానికి సరిపోయేంత శక్తి అది. గట్టిగా బ్రేకు తొక్కితే మూడు నాలుగు సెకన్లలో అదంతా వేడిగా మారి డిస్కుల్లోకి ఎక్కాలి. వేగం 120కి పెరిగితే ఆ లెక్క 44 శాతం పెరుగుతుంది. బ్రేకు చేసే పనల్లా ఇదే: వేగాన్ని వేడిగా మార్చడం, ఆ వేడిని ఇనుములో దాచుకోవడం, తర్వాత మెల్లగా గాలికి వదిలేయడం.

మరి కారు ఎంత దూరంలో ఆగుతుందన్నది తేల్చేదెవరు? టైరు. ఇప్పటి ఏ కారులోనైనా పొడి రోడ్డు మీద బలంగా పెడల్ తొక్కితే ఏబీఎస్ పని మొదలై పెడల్ కాలికింద దడదడలాడుతుంది. అంటే చక్రాన్ని బిగబట్టడానికి కావలసినంత శక్తి ఆ చిన్న బ్రేకుల్లో అప్పటికే ఉందన్నమాట. రోడ్డును పట్టుకునే శక్తే టైరుకు అక్కడితో అయిపోయింది. అలాంటి కారుకు ఎంత పెద్ద డిస్కు బిగించినా ఒక్కసారి ఆపేటప్పుడు దూరం తగ్గదు. 100 నుంచి సున్నాకు 45 మీటర్లలో ఆగే కారు, పెద్ద బ్రేకులు వేశాక కూడా అవే టైర్లతో అక్కడక్కడే ఆగుతుంది. ఆగే దూరం తగ్గించుకోవాలని ఈ ఖర్చు పెట్టేవాళ్లు ఆ డబ్బు మంచి టైర్ల మీద పెట్టడం మేలు.

పెద్ద డిస్కు గొప్పతనం రెండోసారి, ఐదోసారి, పదోసారి తొక్కినప్పుడు తెలుస్తుంది. వేడిలో 70 శాతం ముందు చక్రాలకు పోతుందని, ముందు డిస్కు ఒక్కొక్కటి 6 కిలోలని అనుకుందాం. ఒక్కసారి 100 నుంచి ఆపితే ఆ డిస్కుల వేడి సుమారు 59 డిగ్రీలు పెరుగుతుంది. అదే డిస్కు 8 కిలోలదైతే పెరిగేది 44 డిగ్రీలే. మధ్యలో చల్లారే వ్యవధి లేకుండా వరుసగా ఆపుతూ పోతే ఆ తేడా పేరుకుంటుంది. మామూలు ప్యాడ్లు 300, 400 డిగ్రీలు దాటేసరికి పట్టు వదలడం మొదలెడతాయి. ఆ గీతను చిన్న డిస్కు ముందే దాటేస్తుంది, బరువైన డిస్కు దానికి ఇవతలే ఉంటుంది.

ఇలాంటి పరిస్థితి మనకు ఎక్కడ వస్తుందంటే ఘాట్ రోడ్ల మీద. తిరుమల కొండ మీదనుంచి తిరుపతికి దిగేటప్పుడు కారు సుమారు 700 మీటర్ల ఎత్తు కోల్పోతుంది. ఆ ఎత్తులో ఉన్న శక్తిని లెక్కగడితే, అదే కారును 100 కిలోమీటర్ల వేగం నుంచి దాదాపు 18 సార్లు పూర్తిగా ఆపినంత. బండి బరువు ఎంతైనా ఈ నిష్పత్తి మారదు. రెండో గేర్లో దిగే డ్రైవరు ఆ శక్తిలో మంచి భాగాన్ని ఇంజనుకు అప్పజెప్తాడు. న్యూట్రల్లోనో పై గేర్లోనో దిగుతూ బ్రేకు మీదే కాలుంచినవాడు మొత్తం వేడిని డిస్కుల నెత్తిన రుద్దుతాడు. మారేడుమిల్లి, అనంతగిరి, శ్రీశైలం ఘాట్లలో కాలిన ప్యాడ్ల వాసన ఎందుకొస్తుందో దీన్నిబట్టే తెలుస్తుంది. ఏడుగురిని ఎక్కించుకుని ఏటా ఇలాంటి దారుల్లో తిరిగే కుటుంబానికి పై మోడల్ డిస్కులు నిజంగా పనికొస్తాయి. గేరు సరిగ్గా వాడటం అంతకన్నా ఎక్కువ పనికొస్తుంది, దానికి ఖర్చూ లేదు.

ఇక ఈ పని ఎలా జరుగుతుందో చూడటానికి ఫోక్స్‌వాగన్ గోల్ఫ్ నాలుగో తరాన్ని మించిన ఉదాహరణ నాకు తెలీదు. 1990ల చివర్లో వచ్చిన ఆ కారూ, మొదటి తరం ఆడి ఏ3, ఆడి టీటీ, సియాట్ లియోన్, 2001లో మన దేశంలో అమ్మకానికొచ్చిన స్కోడా ఆక్టేవియా ఒకే ప్లాట్‌ఫారం మీద కట్టినవి. ముందు బ్రేకులు మాత్రం ఇంజను బలాన్నిబట్టి మెట్లుమెట్లుగా ఉండేవి: 256 మిల్లీమీటర్ల డిస్కు, ఆపైన 280, 288, 312. అన్నిటికన్నా పైన గోల్ఫ్ ఆర్32కి 334, లియోన్ కుప్రా ఆర్‌కు నాలుగు పిస్టన్ల బ్రెంబో కాలిపర్లు (ప్యాడ్లను డిస్కుకు అదిమేవి).

ఇందులో 288 నుంచి 312కి వెళ్లడం చాలా సులువు. కాలిపర్ అదే, పిస్టన్ వ్యాసం అదే 54 మిల్లీమీటర్లు, డిస్కు మందమూ అదే 25. మారేది డిస్కు, దానితోపాటు కాలిపర్‌ను పట్టుకునే బ్రాకెట్. టీటీ బ్రాకెట్ కాలిపర్‌ను 12 మిల్లీమీటర్లు బయటికి జరుపుతుంది, అంతే. హబ్ మధ్య నుంచి ప్యాడ్ రాపిడి పట్టే దూరం పెరగడం వల్ల అదే కాలి ఒత్తిడికి ఆపే బలం సుమారు 10 శాతం పెరుగుతుంది. బ్రేక్ ఆయిల్ కదలాల్సిన పరిమాణం మారదు కాబట్టి పెడల్ తీరు మారదు. పెడల్ దగ్గర ఆయిల్‌ను నెట్టే మాస్టర్ సిలిండర్‌ను ముట్టుకోనక్కర్లేదు. ఇనుము పెరిగింది, వేడిని ఓర్చుకునే శక్తి పెరిగింది, మిగతా వ్యవస్థకు తేడా దాదాపు తెలియనే తెలియదు. పై మోడల్ నుంచి తెచ్చే మార్పు ఎలా ఉండాలో చెప్పమంటే నేను దీన్నే చూపిస్తాను.

అదే కుటుంబంలో 256, 280 డిస్కులతో వచ్చిన కార్ల సంగతి వేరు. వాటిలో కాలిపర్‌కు విడి బ్రాకెట్ ఉండదు, నేరుగా చక్రాన్ని మోసే నకిల్‌కే బిగుస్తుంది. ఆ నకిల్ కూడా వేరు. కాబట్టి 312 కావాలంటే నకిళ్లూ మార్చాలి. అంటే బేరింగులు విప్పాలి, అలైన్‌మెంట్ మళ్లీ చేయించాలి. ఒకే కారు పేరు, ఒకే ప్లాట్‌ఫారం, అయినా ఒకరికి ఒక పూట పని, ఇంకొకరికి రెండు రోజుల పని. సామాను కొనకముందే పార్ట్ నంబర్లు పోల్చి చూసుకోవాలని ఎందుకు మొత్తుకుంటారో దీన్నిబట్టి అర్థమవుతుంది.

అమెరికాలో 1994 నుంచి 2004 దాకా వచ్చిన మస్టాంగులకు కోబ్రా మోడల్ 13 అంగుళాల డిస్కులు, రెండు పిస్టన్ల కాలిపర్లు నేరుగా కూర్చుంటాయి. 17 అంగుళాల చక్రాలుంటే చాలు. హోండా సివిక్‌లో వెనక డ్రమ్ములు తీసి ఇంటెగ్రా డిస్కులు పెట్టేవాళ్లు ట్రెయిలింగ్ ఆర్ములతో సహా మొత్తం తెచ్చుకుంటారు. హ్యాండ్ బ్రేక్ కేబుళ్లు, ముందు వెనకల మధ్య ఒత్తిడిని పంచే ప్రపోర్షనింగ్ వాల్వు కూడా మారుస్తారు. ఆ వాల్వు మార్చాలన్న తెలివిడి వాళ్లకు ఉండటమే ఆ మార్పు నిలబడటానికి కారణం. సుబారు డబ్ల్యూఆర్ఎక్స్ నడిపేవాళ్లు ఆరు సిలిండర్ల అవుట్‌బ్యాక్ వెనక డిస్కులు, బ్రాకెట్లు తెచ్చి 266 ఉన్నచోట 290 పెట్టుకుంటారు. వెనక కాలిపర్ పాతదే. ఇది పైకి 312 కథలాగే కనిపిస్తుంది, కానీ పెంచింది వెనక బ్రేకును. సమతూకం గురించి ఆలోచించక తప్పని చోటు అదే.

కారు బ్రేకు వేసినప్పుడు బరువు ముందుకు ఒరుగుతుంది. నిలిచి ఉన్నప్పుడు ముందు చక్రాల మీద 60 శాతం బరువుండే చిన్న కారు, పొడి రోడ్డు మీద గట్టిగా ఆగేటప్పుడు ముందు 77, 80 శాతం మోస్తుంది. వెనక మిగిలేది ఐదో వంతు. తడి రోడ్డు మీద అంత గట్టిగా ఆగలేం కాబట్టి ఒరిగే బరువూ తక్కువే. అప్పుడు ముందు భాగం 68, 70 దగ్గర ఉంటుంది. కంపెనీ ఇంజనీర్లు ఈ రెండు స్థితుల మధ్య, ఖాళీ కారుకూ నిండు కారుకూ మధ్య, ముందు చక్రాలే ముందు పట్టేలా లెక్క కుదురుస్తారు. వెనక చక్రాలు ముందుగా బిగుసుకుంటే కారు తిరిగిపోతుంది. ముందు చక్రాలు బిగుసుకుంటే తిన్నగా జారుతుంది. రెండూ చెడ్డవే, మొదటిది ప్రాణాంతకం. ముందు బ్రేకు మాత్రమే పెంచినవాడు వెనక చక్రాల శక్తిని వాడుకోకుండా వదిలేస్తాడు. వెనకది మాత్రమే పెంచినవాడు ఆ మొదటి ప్రమాదానికి ఒక అడుగు దగ్గరవుతాడు. ఏబీఎస్ చాలావరకు కాస్తుంది. కానీ దాన్ని నమ్ముకుని సమతూకాన్ని చెడగొట్టుకోవడం తెలివైన పని అనిపించుకోదు.

పిస్టన్ల లెక్క కూడా ఇక్కడే చెప్పాలి. 54 మిల్లీమీటర్ల పిస్టన్ ఉన్నచోట 57 పిస్టన్ కాలిపర్ పెడితే వైశాల్యం 11 శాతం పెరుగుతుంది. ఆపే బలం పెరుగుతుంది, నిజమే. అయితే అదే మాస్టర్ సిలిండర్ అంత ఎక్కువ ఆయిల్‌ను నెట్టాలి, కాబట్టి పెడల్ లోతుకు దిగుతుంది. అది నచ్చక 22.2 మిల్లీమీటర్ల మాస్టర్ సిలిండర్ తీసి 23.8ది పెడితే పెడల్ గట్టిపడుతుంది. కానీ అదే కాలి బలానికి లైన్లో ఒత్తిడి 13 శాతం తగ్గుతుంది. కాలిపర్‌తో సంపాదించింది సిలిండర్ దగ్గర పోతుంది. పెడల్ గట్టిగా ఉంటే బ్రేకులు బాగున్నాయని చాలామంది నమ్మకం. కాలికి తెలిసే గట్టిదనం వేరు, చక్రం దగ్గర పట్టే బలం వేరు. పై మోడల్‌లో కాలిపర్, మాస్టర్ సిలిండర్, బూస్టర్, ఏబీఎస్ లెక్క అన్నీ ఒకదాన్ని చూసి ఒకటి ఎంచినవి. అందుకే ఒక ముక్క తేవడం కన్నా సెట్టు తేవడం మంచిదంటాను.

మన దేశంలో ఈ ప్రశ్న ఎక్కువగా వెనక డ్రమ్ముల చుట్టూ తిరుగుతుంది. 2017లో వచ్చిన బలెనో ఆర్ఎస్‌కు నాలుగు చక్రాలకూ డిస్కులుండేవి, మామూలు బలెనోకు వెనక డ్రమ్ములే. 2023 వెర్నాలో టర్బో ఇంజను కార్లకు వెనక డిస్కులిచ్చారు. అలాంటి తేడా చూసిన ప్రతివాళ్లకూ తమను కంపెనీ తక్కువ చూసిందన్న కష్టం కలుగుతుంది. డ్రమ్ముకు ఇంత చెడ్డపేరు రావడం అన్యాయమని నా అభిప్రాయం. చిన్న కారులో వెనక బ్రేకు చేసే పని ఐదో వంతు, అందుకు డ్రమ్ము ధారాళంగా చాలు. హ్యాండ్ బ్రేక్‌గా అది డిస్కు కన్నా గట్టిగా పడుతుంది. లోపల షూలు దుమ్ముకూ బురదకూ దూరంగా ఏళ్ల తరబడి నడుస్తాయి. దాని లోపాలు దానికున్నాయి: నీళ్లలో మునిగితే ఆరడానికి సమయం పడుతుంది, వేడి లోపలే ఉండిపోతుంది, షూలు ఎంత అరిగాయో చూడాలంటే విప్పాలి.

డ్రమ్ము తీసి డిస్కు పెట్టాలంటే పని ఎంతుందో చెప్తాను. వెనక యాక్సిల్ చివర బిగించే స్టబ్, డిస్కుకు సరిపడే హబ్, ఏబీఎస్ సెన్సర్ చదివే రింగు, కాలిపర్, హ్యాండ్ బ్రేక్ కేబుళ్లు, చాలా కార్లలో మాస్టర్ సిలిండర్ కూడా మారాలి. ఆపైన ఏబీఎస్ యూనిట్. వెనక చక్రాలకు ఎంత ఒత్తిడి పంపాలో తేల్చే ఈబీడీ ఆ యూనిట్లోని లెక్కే. డ్రమ్ముకు రాసిన లెక్క డిస్కుకు సరిపోదు. డ్రమ్ములో షూ తిరిగే దిశే దాన్ని ఇంకా లోపలికి లాగి పట్టు పెంచుతుంది, డిస్కుకు ఆ గుణం లేదు. ఈఎస్‌పీ ఉన్న కారైతే ఏ చక్రాన్ని ఎంత పట్టాలో కూడా అదే లెక్కతో నిర్ణయిస్తుంది. యూనిట్ మార్చకుండా, కనీసం కోడింగ్ మార్చకుండా వెనక డిస్కులు బిగించిన కారు పైకి అందంగా ఉంటుంది, నడుస్తుంది కూడా. తడి రోడ్డు మలుపులో ఎలా ప్రవర్తిస్తుందో బిగించినవాళ్లూ చెప్పలేరు. ఈ ఒక్క మార్పును మాత్రం నేను ఎవరికీ సిఫారసు చేయను.

చక్రాల కొలత ముందే చూసుకోవాలి. 312 డిస్కుకు కనీసం 16 అంగుళాల చక్రం కావాలి. అది ఉన్నా చక్రపు పుల్లలు కాలిపర్‌ను తాకకూడదు. ఎక్కువమంది మరిచిపోయేది స్టెప్నీ. మన దేశంలో చాలా కార్లకు స్టెప్నీ ఒక సైజు చిన్న ఇనుప చక్రం. అది పాత డిస్కు మీద కూర్చుంటుంది, కొత్త కాలిపర్ మీద కూర్చోదు. ఆ సంగతి రాత్రిపూట హైవే పక్కన, ముందు టైరు పంక్చరైనప్పుడు తెలుస్తుంది. సామాను బిగించిన రోజే స్టెప్నీని ముందు చక్రానికి వేసి చూసుకోవాలి.

కొత్త సామాను కంపెనీ ధరకు కొంటే ఈ పని గిట్టదు కాబట్టి ఎక్కువమంది సెకండ్ హ్యాండ్ వైపు చూస్తారు. విజయవాడ ఆటోనగర్‌లోనో, చెన్నై పుదుప్పేటలోనో, ఢిల్లీ మాయాపురిలోనో ప్రమాదానికి గురైన కార్ల కాలిపర్లు దొరుకుతాయి. వాడిన కాలిపర్‌ను చేతిలోకి తీసుకుని పిస్టన్ చుట్టూ ఉన్న రబ్బరు బూటు కొద్దిగా ఎత్తి చూడండి. పిస్టన్ మీద తుప్పు గుంటలు కనిపిస్తే అక్కడే పెట్టేసి రండి, కొత్త సీల్ వేసినా అది కారుతుంది. స్లైడ్ పిన్నులు వేలితో కదిపితే కదలాలి. డిస్కు అంచున కనిష్ఠ మందం చెక్కి ఉంటుంది, దానికి దగ్గర పడ్డ డిస్కును డబ్బు పెట్టి కొనడం దండగ. నా మాట వింటే కాలిపర్, బ్రాకెట్ పాతవి కొని, సీల్ కిట్ మార్పించి, డిస్కులు, ప్యాడ్లు కొత్తవే వేయించండి. బిగించేటప్పుడు ఎయిర్ తీసే నిపుల్ కాలిపర్‌కు పైవైపున ఉండాలి. కుడిది ఎడమకు, ఎడమది కుడికి బిగిస్తే నిపుల్ కిందికి వస్తుంది. ఆ తర్వాత ఎన్ని సీసాల ఆయిల్ పోసినా గాలి బయటకు రాదు, పెడల్ మెత్తగానే ఉంటుంది.

ఇంత పని పెట్టుకునే ముందు చేయాల్సినవి రెండున్నాయి, ఖర్చూ తక్కువే. ఒకటి ప్యాడ్లు. ప్యాడ్ అంచున అచ్చయ్యే అక్షరాల జంటలో మొదటిది మామూలు వేడిలో, రెండోది ఎక్కువ వేడిలో రాపిడిని చెప్తాయి. ఈ అంటే రాపిడి గుణకం 0.25 నుంచి 0.35, ఎఫ్ అంటే 0.35 నుంచి 0.45. ఈఈ ప్యాడ్ల స్థానంలో మంచి ఎఫ్ఎఫ్ ప్యాడ్లు వేస్తే పెరిగే పట్టు 312 డిస్కు ఇచ్చే 10 శాతం కన్నా ఎక్కువే ఉండొచ్చు. రేసు ట్రాక్ ప్యాడ్లు మాత్రం రోడ్డు మీద వద్దు, చల్లగా ఉన్నప్పుడు అవి పట్టవు. రెండోది బ్రేక్ ఆయిల్. గాలిలోని తేమను అది పీల్చుకుంటుంది. డాట్ 3 కొత్తదైతే కనీసం 205 డిగ్రీలు తట్టుకోవాలి, తేమ పట్టాక ఆ హామీ 140కి పడిపోతుంది. డాట్ 4 అయితే 230, 155. డాట్ 5.1 అయితే 260, 180. ఘాట్ దిగుతూ పెడల్ ఒక్కసారిగా కిందికి పోయిందంటే చాలాసార్లు కారణం లోపల ఆయిల్ మరిగి ఆవిరి కట్టడమే. డిస్కు చిన్నదవడం వల్ల కాదు. రెండేళ్లకోసారి ఆయిల్ మార్పించనివాళ్లు పై మోడల్ డిస్కుల గురించి ఆలోచించడం తొందరపాటు.

చట్టం విషయం సూటిగా చెప్తాను. 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం ఆర్సీలోని వివరాలు తయారీదారు ఇచ్చినవాటికి భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ నిబంధనను గట్టిగా అమలు చేయాలనే వైపే తీర్పిచ్చింది. అదే ఏడాది జరిగిన సవరణతో అనుమతి లేని మార్పు ఒక్కోదానికి 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడే వీలుంది. బ్రేకు డిస్కు వ్యాసం ఆర్సీలో ఉండదు, అందువల్ల దీన్ని ఎవరూ అడగరని కొందరి ధీమా. ప్రమాదం జరిగి బీమా సర్వేయరు వచ్చినప్పుడు ఆ ధీమా నిలవకపోవచ్చు. వారంటీలో ఉన్న కారుకు ఈ పని అసలు చేయించకూడదు. జర్మనీలో ఇలాంటి మార్పును గుర్తింపు పొందిన ఇంజనీరు పరీక్షించి కాగితాల్లో ఎక్కిస్తాడు, ఆ తర్వాత యజమాని నిశ్చింతగా తిరుగుతాడు. మన దగ్గరా అలాంటి దారి ఒకటి ఉంటే దొంగచాటు పనులు తగ్గి నాణ్యమైన పనులు పెరుగుతాయి. ఇది రవాణా శాఖ ఆలోచించాల్సిన విషయం.

అన్నీ చూసుకుని చేయించినవాళ్లు కొత్త ప్యాడ్లను డిస్కులకు అలవాటు చేయాలి. ఖాళీ రోడ్డు మీద 60 నుంచి 10 దాకా ఓ మోస్తరు ఒత్తిడితో ఎనిమిది పది సార్లు వేగం తగ్గించి, పూర్తిగా ఆపకుండా నడుపుతూ చల్లారనివ్వాలి. వేడి మీద ఆపి పెడల్ తొక్కిపట్టుకుంటే ప్యాడ్ పదార్థం ఒకేచోట అంటుకుని స్టీరింగు వణుకుతుంది. ఆ తర్వాత వెనక ఎవరూ లేని తడి రోడ్డు మీద, తక్కువ వేగంలో ఒకసారి గట్టిగా తొక్కి చూడాలి. కారు తిన్నగా ఆగితే సరే. వెనక భాగం ఏ కొంచెం పక్కకు జరిగినా పాత సామాను మళ్లీ బిగించాల్సిందే. కాబట్టి విప్పిన పాత కాలిపర్లను, బ్రాకెట్లను, డిస్కులను ఆ రోజే మెకానిక్‌కు అమ్మేయకుండా ఆయిల్ రాసి ఇంట్లో ఉంచుకోండి.